రిలే నోడ్: వింటూ మాట్లాడలేని మధ్యవర్తి

2023 ఆగస్టు 30న ఇస్రో ఒక ఫొటో విడుదల చేసింది. చంద్రుడి నేల మీద నిలబడి ఉన్న విక్రమ్ ల్యాండర్‌ని ప్రజ్ఞాన్ రోవర్ తన నావిగేషన్ కెమెరాతో తీసిన ఫొటో అది. ఫోన్లలో చూసుకుని, షేర్ చేసుకుని అందరం మురిసిపోయాం. అది భూమికి ఏ దారిన వచ్చిందో మాత్రం పెద్దగా ఎవరూ మాట్లాడుకోలేదు. ప్రజ్ఞాన్‌కి భూమితో నేరుగా మాట్లాడే ఏర్పాటే లేదు. అది మాట్లాడేది ఒక్క విక్రమ్‌తోనే. అంటే ఆ ఫొటోలో ఉన్నదీ విక్రమే, దాన్ని భూమికి చేరవేసిందీ విక్రమే.

ఎందుకిలా అంటే, ప్రజ్ఞాన్ 26 కిలోల చిన్న బండి. దాని సోలార్ పలక ఇచ్చేది 50 వాట్లు. చక్రాలు తిరగాలన్నా, కెమెరాలు పనిచేయాలన్నా ఆ కరెంటులోంచే. 3.84 లక్షల కిలోమీటర్ల అవతలికి డేటా పంపాలంటే భూమి వైపు గురిపెట్టే యాంటెన్నా కావాలి, దానికి తగ్గ ట్రాన్స్‌మిటర్ కావాలి. అవన్నీ ఎక్కిస్తే అంత చిన్న బండి కదలడమే కష్టం. విక్రమ్‌కి ఎలాగూ ఆ ఏర్పాట్లు ఉన్నాయి. కాబట్టి రోవర్ దగ్గర్లోనే ఉన్న విక్రమ్‌కి చెప్తే, విక్రమ్ భూమికి చెప్పేది. అవసరం పడితే వాడుకోవడానికి, 2019 నుంచి చంద్రుడి చుట్టూ తిరుగుతున్న చంద్రయాన్-2 ఆర్బిటర్ కూడా సిద్ధంగా ఉండేది. విక్రమ్ దిగక ముందే ఆ రెండింటి మధ్య మాటలు కలిపి చూశారు.

ఇలా మధ్యలో ఉండి ఒకరి సిగ్నల్ అందుకుని మరొకరికి అందించే పరికరమే రిలే నోడ్. ఇంట్లో పెట్టుకునే వైఫై ఎక్స్‌టెండర్, కొండ మీది మైక్రోవేవ్ టవర్, టీవీ చానళ్లను దింపే ఉపగ్రహం, పక్కింటి మీటర్ రీడింగ్‌ని మోసుకెళ్లే స్మార్ట్ మీటర్, అన్నీ చేసేది ఇదే పని. అయితే ప్రతి రిలే రెండు ప్రశ్నలు తేల్చుకోవాలి. విన్నదాన్ని విన్నట్టే పంపాలా, అర్థం చేసుకుని మళ్లీ చెప్పాలా? తను మాట్లాడుతున్నప్పుడు తన చెవి ఏం కావాలి? మొదటి ప్రశ్న గురించి పుస్తకాల్లో చాలా ఉంటుంది. మన ఇళ్లలో ఇబ్బంది పెట్టేది మాత్రం ఎక్కువగా రెండోదే. "సిగ్నల్ ఫుల్‌గా ఉంది, నెట్ మాత్రం నడవట్లేదు" అని విసుక్కునే చోట చాలాసార్లు దాని పాత్ర ఉంటుంది.

దూరానికి ఎంత ఖర్చు?

యాంటెన్నా నుంచి బయల్దేరిన రేడియో తరంగం ముందుకెళ్లేకొద్దీ పరుచుకుంటుంది. అడ్డేమీ లేని అంతరిక్షంలో దూరం రెట్టింపైతే అందే శక్తి నాలుగో వంతవుతుంది. ఊళ్లలో పరిస్థితి అంతకన్నా ఘోరం. నేల మీద పడి తిరిగొచ్చే తరంగాలు అసలు తరంగంతో కలిసి దాన్నే దెబ్బతీస్తాయి. గోడలు కొంత మింగేస్తాయి, చెట్లు కొంత మింగేస్తాయి. దూరం రెట్టింపైతే శక్తి పదహారో వంతుకి పడిపోవడం కూడా అక్కడ మామూలే. ఇంజినీర్లు దీన్ని ఘాతాంకంతో చెప్తారు. అంతరిక్షంలో అది 2, ఊళ్లలో 3 నుంచి 4 దాకా ఉండొచ్చు.

ఆ 4 తీసుకుని లెక్క వేద్దాం. టవర్‌కీ ఫోన్‌కీ సరిగ్గా మధ్యలో ఒక రిలే పెట్టాం అనుకోండి. ఒక్కో అంచె సగం దూరమే కాబట్టి, ఒక్కో అంచెకి కావలసిన పవర్ పదహారో వంతు. రెండు అంచెలూ కలిపితే ఎనిమిదో వంతు. దారిని రెండు ముక్కలు చేసినందుకే ఎనిమిది రెట్లు ఆదా అన్నమాట. అంతరిక్షంలో ఇదే పని చేస్తే ఆదా రెండు రెట్లే. తరంగానికి దారి ఎంత కష్టంగా ఉంటే రిలేకి అంత విలువ.

ప్రజ్ఞాన్ విషయంలో ఈ మధ్య బిందువు లెక్క వర్తించదు. అక్కడ రిలే మధ్య దారిలో లేదు, రోవర్ పక్కనే ఉంది. మొత్తం ప్రయాణం ఏమీ తగ్గలేదు. బలహీనుడి భారం పక్కనున్న బలవంతుడు తీసుకున్నాడంతే. అంగారకుడి మీద క్యూరియాసిటీ రోవర్‌దీ అదే పద్ధతి. అది నేరుగా భూమికి పంపితే సెకనుకి 500 బిట్ల నుంచి 32 వేల బిట్ల దాకా వెళ్తాయి. తల మీదుగా వెళ్లే మార్స్ రికానసెన్స్ ఆర్బిటర్‌కి అప్పగిస్తే ఆ అంచెలో వేగం సెకనుకి 20 లక్షల బిట్ల దాకా చేరుతుంది.

కొన్నిసార్లు దూరంతో సమస్యే ఉండదు, అడ్డుతోనే. తూర్పు కనుమల్లో తిరిగినవాళ్లకి ఇది తెలిసిందే. కొండకి ఈ పక్కన టవర్ ఉంటుంది, ఆ పక్కన లోయలో ఊరుంటుంది. నాలుగైదు కిలోమీటర్లు కూడా ఉండదు, ఫోన్‌లో ఒక్క గీత కూడా రాదు. అక్కడ టవర్ పవర్ పెంచి పెద్దగా లాభం లేదు. రెండు పక్కలా కనిపించే చోట, అంటే కొండ నెత్తిన, ఒక రిలే ఉంటే పని జరుగుతుంది. 2019 జనవరి 3న చైనా తన చాంగె-4 ల్యాండర్‌ని చంద్రుడి అవతలి వైపు దించినప్పుడు చంద్రుడే అడ్డం. అందుకే ముందుగా, 2018 మేలో, చ్వేచియావ్ అనే రిలే ఉపగ్రహాన్ని పంపింది. చంద్రుడికి ఆవల సుమారు 65 వేల కిలోమీటర్ల దూరంలో, భూమీ, చంద్రుడి అవతలి వైపూ రెండూ కనిపించే కక్ష్యలో దాన్ని నిలబెట్టాకే ల్యాండర్ బయల్దేరింది.

భూమి గుండ్రంగా ఉండటం కూడా ఒక అడ్డే. 50 మీటర్ల ఎత్తున్న రెండు టవర్లు రేడియో తరంగాలకి ఒకదానికొకటి కనిపించేది 58 కిలోమీటర్ల దాకానే. ఆ తర్వాత నేల వంపు అడ్డొస్తుంది. 1951 ఆగస్టులో అమెరికాలో ఏటీ అండ్ టీ అనే టెలిఫోన్ కంపెనీ న్యూయార్క్ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో దాకా మైక్రోవేవ్ లైన్ మొదలుపెట్టినప్పుడు దారిలో 107 రిలే టవర్లు కట్టాల్సి వచ్చింది.

విన్నట్టే పంపాలా, అర్థం చేసుకుని పంపాలా?

ఆ 107 టవర్లను ఉదాహరణగా పెట్టుకుంటే మొదటి ప్రశ్న తేలిగ్గా అర్థమవుతుంది.

ఏ రిసీవర్‌లోనైనా వేడి వల్ల ఎలక్ట్రాన్లు కదులుతూ ఉంటాయి. దాంతో సిగ్నల్ లేకపోయినా ఒక సన్నటి రొద ఉంటుంది. దీన్నే నాయిస్ అంటారు. రిలే తనకి అందిన సిగ్నల్‌ని పెద్దది చేసి పంపిందంటే, దానితో పాటు ఈ రొదనీ పెద్దది చేసినట్టే. ఏది మాట, ఏది రొద అన్నది దానికి తెలీదు. తర్వాతి రిలే తన రొద కలుపుతుంది, ఆ తర్వాతిది తనది. ఒకేలాంటి వంద అంచెలుంటే చివరికి చేరేసరికి రొద వంద రెట్లు పేరుకుంటుంది. జిరాక్స్ కాపీకి జిరాక్స్, దానికి మళ్లీ జిరాక్స్ తీసుకుంటూ పోతే చివరి కాగితం మీద అక్షరాల కన్నా మచ్చలే ఎక్కువ కనిపిస్తాయి, అలా. ఆ అమెరికా లైన్ అనలాగ్ పద్ధతిది, అంటే మాటను అంకెలుగా మార్చకుండా పంపేది. చివర్లో మాట స్పష్టంగా వినపడాలంటే ఒక్కో టవర్‌లోని పరికరం అవసరానికి మించి శుభ్రంగా ఉండాలి. ఖర్చంతా అక్కడే.

రెండో పద్ధతిలో రిలే తనకి అందిన సిగ్నల్‌లోంచి సున్నాలు, ఒకట్లు తేల్చుకుంటుంది. తప్పులు సరిదిద్దుకుంటుంది. తర్వాత కొత్తగా, శుభ్రంగా మళ్లీ ప్రసారం చేస్తుంది. రొద ఆ అంచెతోనే ఆగిపోతుంది. బ్రిటిష్ ఇంజినీర్ అలెక్ రీవ్స్ 1937లో మాటను అంకెలుగా మార్చి పంపే పద్ధతి కనిపెట్టిందే ఇందుకు. దూరం వెళ్లేకొద్దీ రొద పేరుకోకుండా ఉండాలంటే, మధ్యలో ప్రతి రిపీటర్ దగ్గరా సిగ్నల్‌ని కొత్తగా పుట్టించే వీలుండాలి. అంకెలైతేనే అది కుదురుతుంది.

అలాగని రెండోదే ఎప్పుడూ మేలని చెప్పలేం. అర్థం చేసుకోవాలంటే ప్యాకెట్ (డేటా ముక్క) మొత్తం వచ్చేదాకా ఆగాలి, దాన్ని విప్పాలి, సరిచూడాలి, మళ్లీ కట్టాలి. ఆలస్యం తప్పదు, ఖర్చూ పెరుగుతుంది. పైగా రిలే అసలు అర్థం చేసుకోలేనంత బలహీనంగా సిగ్నల్ అందితే చేసేదేమీ ఉండదు. తప్పుగా అర్థం చేసుకుని పంపిందంటే, అవతలివాళ్లకి ఆ తప్పే చాలా స్పష్టంగా చేరుతుంది. అందుకే ప్రతి ప్యాకెట్‌కీ చివర తనిఖీ బిట్లు ఉంటాయి. అవి సరిపోలకపోతే రిలే దాన్ని ముందుకి పంపదు.

మూడో దారి కూడా ఉంది, కొంచెం వింతైనది. రిలేకి మాట అర్థం కాకపోయినా, తను విన్నదాన్ని కుదించి, "నాకు ఇలా వినిపించింది" అని ఒక వర్ణనలా పంపుతుంది. అవతలివైపు రిసీవర్‌కి నేరుగా కూడా కొంత వినిపించి ఉంటుంది కదా, ఆ రెండింటినీ కలిపి అసలు మాట ఏమిటో అది తేల్చుకుంటుంది. రిలే పంపేవాళ్లకి దగ్గరగా ఉంటే అర్థం చేసుకుని పంపడం మేలు, అందుకునేవాళ్లకి దగ్గరగా ఉంటే ఈ కుదించే పద్ధతి మేలు. ఈ రెండింటినీ థామస్ కవర్, అబ్బాస్ ఎల్ గమల్ 1979లో గణితంతో నిలబెట్టారు. అసలు రిలే చానల్ అనే సమస్యని వాన్ డెర్ మ్యూలెన్ అంతకు ముందే, 1971లో, లేవనెత్తాడు. పంపేవాడు ఒకడు, అందుకునేవాడు ఒకడు, మధ్యలో ఒక్క రిలే. ఈ ముగ్గురి మధ్య గరిష్ఠంగా ఎంత డేటా వెళ్లగలదు? అన్ని సందర్భాలకీ వర్తించే సమాధానం ఇప్పటికీ దొరకలేదు. వైర్‌లెస్ సిద్ధాంతం ఇంత ముందుకెళ్లినా, ముగ్గురు మనుషుల మధ్య మాట దగ్గర అది ఇంకా ఆగిపోయే ఉండటం నాకు సరదాగా అనిపిస్తుంది.

మొదటి పద్ధతి గురించి ఒక హెచ్చరిక. ఆన్‌లైన్‌లోనూ, ఎలక్ట్రానిక్స్ బజార్లలోనూ కొందరు అమ్మే మొబైల్ సిగ్నల్ బూస్టర్లు ఈ కోవకి చెందినవే. మేడ మీద ఒక యాంటెన్నా, ఇంట్లో ఒక యాంటెన్నా, మధ్యలో యాంప్లిఫయర్. పెట్టినవాళ్ల ఫోన్‌లో గీతలు పెరుగుతాయి, నిజమే. అయితే ఆ యాంప్లిఫయర్ మీరు ఫోన్ వాడినా వాడకపోయినా తన రొదని టవర్ వైపు వెదజల్లుతూనే ఉంటుంది. టవర్ చెవిలో ఆ రొద పెరిగేసరికి, దూరంగా ఉన్న ఫోన్ల బలహీనమైన సిగ్నల్ దానికి వినపడదు. రెండు యాంటెన్నాల మధ్య తగినంత ఎడం లేకపోతే ఇంకా పెద్ద గొడవ. ఒకదాని ప్రసారం రెండోదాంట్లోకి వెళ్లి, పెరిగి, తిరిగొచ్చి, మళ్లీ పెరిగి, చివరికి ఆ పెట్టె ఆ బ్యాండ్ మొత్తాన్నీ పాడుచేసే ట్రాన్స్‌మిటర్‌గా తయారవుతుంది. వీధిలో ఒకరి ఇంట్లో సిగ్నల్ బాగుపడి నలుగురి ఇళ్లలో కాల్స్ కట్ అవడం ఇలాగే జరుగుతుంది. మన దేశంలో అనుమతి లేకుండా ఇలాంటి బూస్టర్లు అమ్మడం, పెట్టుకోవడం చట్టవిరుద్ధం.

తన గొంతే తనకి అడ్డు

ఇక రెండో ప్రశ్న. ఇంట్లో వైఫై రౌటర్ 100 మిల్లీవాట్లతో ప్రసారం చేస్తుందనుకోండి. రెండు గదుల అవతలి నుంచి దానికి అందే సిగ్నల్ అందులో వంద కోట్లో వంతు ఉండొచ్చు. ఎక్స్‌టెండర్‌కీ అంతే. ఒకే చానల్లో అది మాట్లాడుతూ అదే క్షణంలో రౌటర్‌ని వినాలంటే, తను వినాలనుకుంటున్నదాని కన్నా వంద కోట్ల రెట్లు పెద్దదైన తన గొంతుని దాటి వినాలి. మామూలు పరికరాల వల్ల కాదు. కాబట్టి కాసేపు వింటుంది, కాసేపు మాట్లాడుతుంది. రౌటర్ నుంచి ఒక ప్యాకెట్ అందుకోవడానికి కొంత సమయం, దాన్నే మీ ఫోన్‌కి పంపడానికి మళ్లీ అంతే సమయం. గాలిలో అదే డేటా రెండుసార్లు ప్రయాణిస్తుంది. ఒకే రేడియో ఉన్న ఎక్స్‌టెండర్‌తో స్పీడ్ సగానికి సగం పడిపోవడానికి కారణం ఇదే. ఫోన్‌లో కనిపించే గీతలు చివరి అంచెవి మాత్రమే. వెనక రౌటర్ నుంచి ఎక్స్‌టెండర్‌కి ఎంత కష్టంగా డేటా వస్తోందో అవి చెప్పవు.

దీన్ని తప్పించుకోవడానికి తేలికైన మార్గం, వినడానికి ఒక ఫ్రీక్వెన్సీ, మాట్లాడడానికి ఇంకో ఫ్రీక్వెన్సీ పెట్టుకోవడం. సరదాకి రేడియో నడిపే హామ్ రేడియోవాళ్లు కొండల మీదా, ఎత్తైన భవనాల మీదా పెట్టే రిపీటర్లు అలాగే పనిచేస్తాయి. 144 మెగాహెర్ట్జ్ బ్యాండ్‌లో వినే ఫ్రీక్వెన్సీకీ పంపే ఫ్రీక్వెన్సీకీ మధ్య 600 కిలోహెర్ట్జ్ తేడా ఉంచుతారు. సి-బ్యాండ్ టీవీ ఉపగ్రహాలు 6 గిగాహెర్ట్జ్ దగ్గర విని 4 దగ్గర కిందికి పంపుతాయి. ఇళ్లకి వచ్చే మెష్ వైఫై సెట్లలో (అంటే కొన్ని పెట్టెలు ఒకదానికొకటి డేటా అందించుకుంటూ ఇల్లంతా సిగ్నల్ ఇచ్చేవాటిలో) ఖరీదైనవి ఒక బ్యాండ్‌ని తమలో తాము మాట్లాడుకోవడానికే కేటాయించుకుంటాయి. అన్నిచోట్లా బేరం ఒకటే. సమయం మిగుల్చుకుంటే స్పెక్ట్రమ్, అంటే వాడుకోదగ్గ ఫ్రీక్వెన్సీలు, ఖర్చవుతుంది.

ఏదీ ఖర్చు చేయకుండా కుదరదా? 2013లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు తన గొంతుని తానే లెక్కకట్టి తీసేసుకునే వైఫై రేడియోని చేసి చూపించారు. అది తీసేసిన మొత్తం 110 డెసిబెల్స్, అంటే పదివేల కోట్ల రెట్లు. కుదురుతుందని తేలింది. చుట్టూ మనుషులు కదిలిన ప్రతిసారీ ఆ లెక్కని మళ్లీ సరిచేసుకోవాలి, అదనపు సర్క్యూట్లు కావాలి. రెండువేల రూపాయల ఎక్స్‌టెండర్‌లో దాన్ని ఆశించలేం.

సమయం సగమైనా రిలే లాభమే ఇస్తుందా? ఇది లెక్కేసి చూడదగ్గ విషయం. క్లాడ్ షానన్ 1948లో ఇచ్చిన సూత్రం ప్రకారం, సిగ్నల్ రొద కన్నా ఎన్ని రెట్లు ఉందో తెలిస్తే ఒక హెర్ట్జ్ బ్యాండ్‌లో సెకనుకి గరిష్ఠంగా ఎన్ని బిట్లు పంపొచ్చో చెప్పొచ్చు. టవర్‌కి దూరంగా ఉన్న ఫోన్‌కి సిగ్నల్, రొద సమానంగా అందుతున్నాయనుకుందాం. సూత్రం 1 బిట్ అంటుంది. మధ్యలో రిలే పెట్టి దూరాన్ని సగం చేస్తే, పైన చెప్పినట్టు ఒక్కో అంచెలో సిగ్నల్ పదహారు రెట్లవుతుంది. అప్పుడు ఒక్కో అంచెకి 4 బిట్లకి పైగా. సమయం సగమే కాబట్టి అందులో సగం, అంటే 2. రిలే వల్ల వేగం రెట్టింపైంది.

ఇప్పుడు టవర్‌కి బాగా దగ్గరగా ఉన్న ఫోన్‌ని తీసుకోండి. సిగ్నల్ రొద కన్నా 1000 రెట్లు ఉంది. నేరుగా అయితే దాదాపు 10 బిట్లు. రిలే పెడితే సిగ్నల్ 16 వేల రెట్లు అవుతుంది, ఒక్కో అంచెకి 14 బిట్లు, సగం చేస్తే 7. నష్టం! ఇలా లెక్కిస్తే లాభనష్టాల గీత సిగ్నల్ రొదకి 14 రెట్లు ఉన్నచోట పడుతుంది. అంతకన్నా బాగా అందుతున్నప్పుడు రిలే దండగ, తక్కువ అందుతున్నప్పుడే దానికి పని. ఇది ఆదర్శ లెక్కే. నిజం రిలేలు సరిగ్గా మధ్యలో ఉండవు, ఘాతాంకం కచ్చితంగా 4 కాదు. అయినా ఒక సంగతి మారదు. ఇప్పటికే సిగ్నల్ బాగున్న గదిలో ఎక్స్‌టెండర్ పెడితే, ఫోన్ దాన్ని పట్టుకుని కూర్చుని స్పీడ్ పోగొట్టుకోవచ్చు.

ఎల్‌టీఈలో చిన్న టక్కు

మొబైల్ నెట్‌వర్కుల ప్రమాణాలు రాసే 3జీపీపీ అనే సంస్థ 2011లో, రిలీజ్ 10 అనే విడతలో, రిలే నోడ్‌ని 4జీలో, అంటే ఎల్‌టీఈలో, చేర్చింది. ఫైబర్ ఉన్న పెద్ద టవర్‌ని డోనర్ అంటారు. రిలే ఫోన్లకి ఒక సొంత టవర్‌లా కనిపిస్తుంది, డోనర్‌కి మాత్రం ఒక ఫోన్‌లా కనిపిస్తుంది. ఫైబర్ లాగకుండానే ఒక ఊరికి కవరేజ్ ఇవ్వొచ్చన్నది ఆశ.

ఇక్కడ మళ్లీ చెవి సమస్య. రిలే డోనర్‌తోనూ ఫోన్లతోనూ ఒకే ఫ్రీక్వెన్సీ వాడితే, డోనర్ మాటలు వినే సమయంలో ఫోన్లకి ఏమీ పంపకూడదు. కానీ 4జీ ఫోన్ ప్రతి మిల్లీసెకనూ టవర్ నుంచి కొన్ని గుర్తు సిగ్నళ్ల కోసం ఎదురుచూస్తుంది. అవి రాకపోతే టవర్ పోయిందనుకునో, సిగ్నల్ పాడైందనుకునో లెక్కలు తప్పుతుంది. అప్పటికే జనం చేతుల్లో ఉన్న ఫోన్లకి రిలేలంటే ఏమిటో తెలీదు. వాటిని మార్చే వీలూ లేదు.

ఇంజినీర్లు పాత ప్రమాణంలోనే ఒక సందు వెతికారు. ఒకే వీడియోని చాలామందికి ఒకేసారి ప్రసారం చేయడానికి కొన్ని మిల్లీసెకన్లు కేటాయించే ఏర్పాటు మొదటి నుంచీ 4జీలో ఉంది. పది మిల్లీసెకన్ల ఫ్రేమ్‌లో గరిష్ఠంగా ఆరింటిని అలా ప్రకటించవచ్చు. ఆ మిల్లీసెకన్లలో మొదట వచ్చే కొద్దిపాటి నియంత్రణ భాగం తప్ప, మిగతా గుర్తు సిగ్నళ్ల కోసం మామూలు ఫోన్లు ఎదురుచూడవు. రిలే చేసేదల్లా, "ఈ మిల్లీసెకను ప్రసారానికి" అని ఫోన్లకి చెప్పడం. ఏ ప్రసారమూ ఉండదు. ఆ మొదటి ముక్క పంపేసి, రిలే నోరు మూసుకుని డోనర్ వైపు చెవి పెడుతుంది. పాత ఫోన్‌కి అనుమానం రాదు. ప్రమాణాల పత్రాల్లో ఇంత చక్కటి టక్కు దొరకడం అరుదు.

ఇంత తెలివి ఖర్చుపెట్టినా 4జీ రిలేలు పెద్దగా వాడుకలోకి రాలేదు. అందులో ఒక్క అంచెకే అనుమతి. పైగా అదే ఫ్రీక్వెన్సీలో సమయాన్ని పంచుకోవాలి, ఆ స్పెక్ట్రమ్‌ని కంపెనీలు వేల కోట్లు పెట్టి కొన్నాయి. మైక్రోవేవ్ లింకో ఫైబరో వేసి మామూలు టవరే పెట్టుకోవడం చాలాచోట్ల తేలికైంది.

5జీలో పరిస్థితి మారింది. మన దేశంలో 2022 వేలంలో అమ్మిన 26 గిగాహెర్ట్జ్ బ్యాండ్ లాంటి చోట్ల స్పెక్ట్రమ్ బోలెడు, కానీ తరంగం కొన్ని వందల మీటర్లు దాటడం కష్టం, గోడ దాటడం ఇంకా కష్టం. అంటే అడుగడుగునా చిన్న టవర్లు కావాలి. అన్నింటికీ ఫైబర్ తవ్వించడం నగరంలో ఎంత నరకమో రోడ్డు తవ్వకాలు చూసినవాళ్లకి చెప్పక్కర్లేదు. అందుకే 2020లో వచ్చిన రిలీజ్ 16, యాక్సెస్‌నీ (ఫోన్లతో మాట్లాడే అంచె) బ్యాక్‌హాల్‌నీ (వెనక నెట్‌వర్క్‌కి చేర్చే అంచె) కలిపే కొత్త రిలే నోడ్లని తెచ్చింది. ఇవి ఒకదాని వెనక ఒకటి అనేక అంచెలుగా ఉండొచ్చు. ఒక దారి మూసుకుపోతే ఇంకో దారిలో డేటా పంపొచ్చు. ఈ ఫ్రీక్వెన్సీల్లో యాంటెన్నాలు సన్నటి కిరణంలా గురిపెట్టి పంపుతాయి కాబట్టి ఒకరి ప్రసారం ఇంకొకరి చెవిలో పడటం కొంత తగ్గుతుంది.

రిలీజ్ 18 ఇంకో రకాన్ని చేర్చింది. ఇది మాటను అర్థం చేసుకోదు, పెద్దది చేసి పంపడమే. కానీ ఎప్పుడు ఆన్ కావాలో, ఎటువైపు గురిపెట్టాలో మాత్రం టవర్ నుంచి వచ్చే ఆదేశాలు అర్థం చేసుకుంటుంది. పనిలేనప్పుడు ఆగిపోతుంది కాబట్టి బజారు బూస్టర్‌లా ఎప్పుడూ రొద చిమ్ముతూ ఉండదు. చవకగానూ ఉండాలి, బుద్ధిగానూ ఉండాలంటే ఇదే మంచి రాజీ అని నాకనిపిస్తుంది.

అందరూ రిలేలే అయితే

స్మార్ట్ మీటర్లలో ఒక రకం రేడియో మెష్ మీద నడుస్తుంది. మన దేశంలో లైసెన్స్ అక్కర్లేని 865 మెగాహెర్ట్జ్ బ్యాండ్ ఇందుకు అనువైనది. వీధి చివరి మీటర్‌కి, అందరి డేటానీ సేకరించే గేట్‌వే అందకపోతే, పక్క మీటర్‌కి చెప్తుంది, అది దాని పక్కదానికి. వీధి దీపాలకీ ఇదే పద్ధతి వాడొచ్చు. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ క్యాంపస్‌లో 2022లో ఇలాంటి మెష్ కోసమే ఉన్న వై-సన్ అనే ప్రమాణంతో నెట్‌వర్క్ ఒకటి ఏర్పాటు చేశారు. మీటర్ అరగంటకోసారి కొద్ది బైట్లు పంపితే చాలు, పది సెకన్లు ఆలస్యమైనా ఎవరికీ నష్టం లేదు. రిలేలకి ఇంతకన్నా సుఖమైన ఉద్యోగం ఉండదు.

అదే మెష్‌లో వీడియో పంపమంటే చేతులెత్తేస్తుంది. వరసగా ఉన్న నోడ్లలో ఒకటి మాట్లాడుతుంటే, దాని పక్కది వింటూ ఉండాలి, ఆ పక్కనున్న రెండు కూడా ఆగాలి. లేకపోతే మాటలు ఢీకొంటాయి. పొడవాటి వరసలో ఆదర్శంగా చూసినా చేరే వేగం ఒక్క అంచె వేగంలో నాలుగో వంతే. 2000లో పియూష్ గుప్తా, పి.ఆర్. కుమార్ ఇంకా విస్తృతమైన ఫలితం చూపించారు. నోడ్ల సంఖ్య పెరిగేకొద్దీ ఒక్కొక్కరికి దక్కే వాటా, ఆ సంఖ్యనీ దాని లాగరిథమ్‌నీ గుణించి తీసిన వర్గమూలానికి విలోమంగా తగ్గుతుంది. లెక్కేస్తే, వంద నోడ్లున్న చోట పదివేలైతే ఒక్కొక్కరి వాటా దాదాపు పద్నాలుగో వంతుకి పడిపోతుంది. ఎందుకంటే ప్రతి ఒక్కరి సమయంలో ఎక్కువ భాగం ఊళ్లోవాళ్ల మాటలు మోయడానికే సరిపోతుంది. గేట్‌వే పక్కనున్న నోడ్ల మీద భారం మరీ ఎక్కువ, అందరి డేటా వాటి మీదుగానే పోవాలి కదా.

బ్యాటరీతో నడిచే సెన్సర్లకి ఇంకో చిక్కు. రిలే చేయాలంటే ఎప్పుడు ఎవరు పిలుస్తారో తెలీదు కాబట్టి చెవి ఎప్పుడూ తెరిచే ఉండాలి. వినడం కూడా కరెంటు ఖర్చే. 2017లో వచ్చిన బ్లూటూత్ మెష్ దీన్ని బాగా ఆలోచించింది. బల్బులు, ప్లగ్గుల్లా కరెంటు ఉన్నవి రిలే చేస్తాయి. బ్యాటరీవి నిద్రపోతాయి, వాటికొచ్చిన సందేశాలని పక్కనున్న ఒక స్నేహితుడి నోడ్ దాచి ఉంచుతుంది. సందేశం అంతులేకుండా తిరగకుండా దాని మీద ఒక అంకె ఉంటుంది, గరిష్ఠంగా 127. ప్రతి అంచెకీ ఒకటి తగ్గుతుంది. ఇప్పటికే చూసిన సందేశం మళ్లీ వస్తే రిలే దాన్ని వదిలేస్తుంది.

ఇంట్లో ఎక్స్‌టెండర్ పెట్టుకునేవాళ్లకి ఈ లెక్కలన్నింటిలోంచి పనికొచ్చేవి కొన్నే. సిగ్నల్ అందని గదిలోనే దాన్ని పెట్టడం చాలామంది చేసే పొరపాటు. అక్కడ రౌటర్ మాట దానికే వినపడదు. రౌటర్‌కీ ఆ గదికీ మధ్యలో, రౌటర్ సిగ్నల్ ఇంకా బాగా అందుతున్న చోట పెట్టాలి. ఒకదాని వెనక ఒకటి రెండు మూడు తగిలించొద్దు, ప్రతి అంచెకీ కోత పడుతుంది. రెండు బ్యాండ్లున్నదైతే సెట్టింగ్స్‌లో రౌటర్‌తో మాట్లాడటానికి ఒక బ్యాండ్, ఫోన్లకి ఇంకో బ్యాండ్ ఎంచుకునే వీలుందేమో చూడండి. ఆ గది దాకా నెట్‌వర్క్ కేబుల్ లాగే వీలుంటే మాత్రం ఇవేమీ అక్కర్లేదు. చాలా ఎక్స్‌టెండర్లలో యాక్సెస్ పాయింట్ మోడ్ ఉంటుంది, దానికి మార్చి కేబుల్ గుచ్చేయడమే.